పొయ్యి దగ్గర తుండుగుడ్డ

ఒకరోజు పొద్దున్న పాలు పోసే ఆమె గిన్నెలోకి పాలు వంచుతూ, "గొంతుకేటయింది బాబూ, జలుబు సేసిందా?" అని అడిగింది.

నాకు జలుబు లేదు. ముందు రోజు ఆమె పాలు పోసి వెళ్ళాక, మళ్ళీ ఆమె వచ్చేదాకా నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అందుకే గొంతు పూడుకుపోయి, "రేపట్నించి సగం పోస్తే చాలు" అన్న నాలుగు మాటలూ గరగరమంటూ బయటికి వచ్చాయి.

అప్పటికి నాకు అరవై రెండేళ్ళు. నా భార్య పోయి ఆరు నెలలయింది. ఒక్కతే కూతురు, చీడికాడలో కాపురం. వచ్చి తమ దగ్గర ఉండమని రెండుసార్లు కబురు పెట్టింది. నేను వెళ్ళలేదు. మా ఇల్లు చోడవరం చివర, రోలుగుంట వెళ్ళే దారి పక్కన. చలికాలం వచ్చిందంటే ఆ దారిలో పగలంతా చెరుకు బళ్ళు, కోత మనుషులు, సైకిళ్ళు. అరుగు మీద కూర్చున్న నన్ను చూసి "దండాలు బాబూ" అని, అడుగు ఆపకుండా వెళ్ళిపోయేవారు. మనుషులు లేని చోటే ఒంటరితనం ఉంటుందని అనుకునేవాణ్ణి. ఇంత జనం నడిచే దారి పక్కన కూడా అది ఉంటుందని ఆ ఏడాదే తెలిసింది.

ఆ రోజుల్లో నేను కోరుకున్నది పెద్దదేమీ కాదు. నలుగురు నా పక్కన కూర్చుని, నా కోసమని కాకుండా, వాళ్ళ మాటలు వాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటే చాలు. అలాంటి చోటు నాకు ఒకప్పుడు ఉండేది. దాన్ని నా చేతులతో నేనే మూసేశాను. మళ్ళీ ఆ చోటికి నన్ను రానిస్తారా అన్నదే ఆ చలికాలమంతా నా మనసులో ఉన్న ప్రశ్న.

మా బావకీ నాకూ కలిపి ఒక గానుగ ఉండేది. బావ అంటే నా భార్యకి అన్న, నాకంటే మూడేళ్ళు పెద్ద. గానుగ మా పొలంలో ఉండేది, ఎద్దులు సగం ఆయనవి. ఎద్దులు గానుగ తిప్పుతుంటే పడిన రసాన్ని పెద్ద ఇనప పెనంలో పోసి బెల్లం వండేవాళ్ళం. ఆ పనికి ముఖ్యంగా ఇద్దరు కావాలి. ఒకడు పైన పెనం దగ్గర నిలబడి తెడ్డుతో కలుపుతూ పాకం చూస్తాడు. రెండోవాడు కింద గోతిలో కూర్చుని, ఎండిన చెరుకు పిప్పి పొయ్యిలోకి తోస్తూ ఉంటాడు. కిందవాడికి పెనంలో ఏం జరుగుతోందో కనిపించదు. వాడు పైవాడి కేక కోసం చెవి పెట్టుకుని ఉండాలి. పాకం ముదిరే వేళకి పైనుంచి "మంట లాగు" అని కేక పడుతుంది. పడగానే మండుతున్నదంతా కర్రతో బయటికి లాగెయ్యాలి. కొంచెం ఆలస్యమైనా పాకం మాడి, బెల్లం నల్లబడుతుంది.

రసం కాగే రెండు మూడు గంటలూ ఆ ఇద్దరూ కదలడానికి లేదు. కదలలేని మనిషి దగ్గరికి జనం దానంతట అదే చేరుతుంది కాబోలు. పొలం పని చేసే ఓపిక లేని ముసలివాళ్ళు పొద్దున్నే వచ్చి పొయ్యి వేడికి కూర్చునేవారు. ఆడవాళ్ళు చిలగడదుంపలు తెచ్చి, తాడుకి కట్టి కాగే రసంలో వేలాడదీసేవారు. ఎవరికీ పిలుపు ఉండేది కాదు. ఒక్కటే ఆచారం. వచ్చేవాళ్ళు ఒట్టి చేతులతో రాకూడదు. ఎండుటాకో, తాటిమట్టో, దారిలో ఏరిన నాలుగు పుల్లలో తెచ్చి పొయ్యి పక్కన పడెయ్యాలి. పడేశాక ఇంక ఎవరినీ అడగక్కర్లేదు, ఆ గానుగ పాకలో తనూ ఒక మనిషి.

నా భార్యది ఇంకో పని. దించిన పెనంలోంచి ఒక ఇత్తడి ముంతలో పాకం తీసుకుని, గానుగ దాకా రాలేనివాళ్ళ ఇళ్ళకి పట్టుకెళ్ళేది. కాళ్ళు పడిపోయిన ఒక ముసలాయన, కళ్ళు కనిపించని ఒక ముసలమ్మ, ఆ ఏడాది ఊళ్ళో బాలింత ఎవరైనా ఉంటే ఆమె. వెళ్ళిందంటే సగం పూటకి గానీ తిరిగి వచ్చేది కాదు.

"పాకం ఇవ్వడానికి అంతసేపేటి?" అని విసుక్కునేవాణ్ణి.

"పాకం ఇవ్వడానికి అంతసేపు పట్టదు," అనేది. ఇంకేమీ చెప్పేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు.

నిజం చెప్పాలంటే ఆ జనం నాకు గిట్టేవారు కాదు. పని చోట పని జరగాలి అనుకునేవాణ్ణి. బావ అందుకు పూర్తిగా వ్యతిరేకం. చేతిలో తెడ్డు తిరుగుతూనే ఉండేది, నోటికి మాత్రం విరామం ఉండేది కాదు. పెళ్ళిలో అలిగిన మగపెళ్ళివారిని, బస్సులో నిద్రపోయి తన ఊరు దాటిపోయిన పెద్దమనిషిని కళ్ళకు కట్టినట్టు చేసి చూపించేవాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో, గోతిలో రోజూ మంట చూసే మనిషి రాకపోతే నేను గోతిలోకి దిగాను. అది ఆ రోజుకి రెండో పెనం. ముందు రోజు కొట్టిన చెరుకు ఎండిపోతోందని నా తొందర. పైన బావ ఏదో చెబుతున్నాడు, జనం నవ్వుతున్నారు. కింద పొగలో కళ్ళు మండుతూ నేను ఆ నవ్వులు వింటున్నాను. వినేకొద్దీ ఒళ్ళు మండింది. పొయ్యి నిండా పిప్పి కుక్కి, ఇది చాలాసేపు వస్తుందిలే అనుకుని, తుండుగుడ్డ అక్కడే పడేసి, ఎద్దులు మార్చారో లేదో చూడడానికి వెళ్ళిపోయాను. నేను వెళ్ళడం ఎవరూ గమనించలేదు.

తిరిగి వచ్చేసరికి మాడు వాసన. బావ తనే గోతిలోకి దూకి మంట లాగుతున్నాడు. చేతులు కమిలిపోయాయి. పెనంలో పాకం నల్లగా కుతకుతమంటోంది. జనం లేచి నిలబడి ఉన్నారు. నేనెక్కడికి వెళ్ళానని ఎవరైనా అడిగేలోగా నేనే అరిచాను.

"పెనం కాడ నిలబడి నాటకాలాడితే మాడక ఏటవుద్ది? గానుగ పెట్టింది బెల్లానికా, నవ్వులకా?"

బావ నా వైపు చూశాడు. తర్వాత, ముంత పట్టుకుని పక్కన నిలబడి ఉన్న తన చెల్లెలి వైపు చూశాడు. "పొరపాటు నాదే బావా," అని చేతిలో కర్ర కింద పెట్టేశాడు.

ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గు వెయ్యాలి. సిగ్గు వెయ్యలేదు, ఊరట కలిగింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను నేను ఎక్కువగా ఏవగించుకునేది ఆ ఊరట గురించే.

అబద్ధం ఒకసారి ఆడితే దాన్ని నిలబెట్టుకోవడానికి కోపం కూడా నిలబెట్టుకోవాలి. మరుసటి ఏడు నా చెరుకంతా ఫ్యాక్టరీకి తోలడానికి ఒప్పుకుని, గానుగ మా పొలంలోంచి తీసేయమని బావకి కబురు పెట్టాను. ఆయన మారు మాట్లాడకుండా దాన్ని విప్పుకుని, కోసు దూరంలో ఉన్న తన పొలంలో పెట్టుకున్నాడు. జనమూ అటే మళ్ళారు. "ఇంక మనకీ గోల ఉండదు," అని నా భార్యతో అన్నాను. ఆమె తలూపింది.

ఆ తర్వాత ఆమె మూడు చలికాలాలు బతికింది. గాలి అటునుంచి వీచే రోజుల్లో సాయంత్రం పెరటి గుమ్మంలో నిలబడి, "ఇయాల పాకం లేతగా దించేసేరు," అనేది, వాసన పట్టి. "సలిగాలి, లోపలికి రా," అనేవాణ్ణి నేను. అన్నగారింటికి వెళ్ళొద్దని నేనెప్పుడూ అనలేదు. వెళ్ళి రమ్మని కూడా అనలేదు. ఆ రెంటి మధ్యా ఆమెను మూడేళ్ళు నిలబెట్టాను. పాకం లేదు గనక ముంత పట్టుకుని ఇళ్ళకి వెళ్ళడమూ ఆగిపోయింది. ఉత్త చేతులతో వెళితే ఏం బావుంటుందని ఒకసారి అంది. దానికి నేనేం జవాబు చెప్పానో గుర్తు లేదు. బహుశా ఏమీ చెప్పి ఉండను. ఒంటరితనం మా ఇంటికి నాకంటే ముందు ఆమె కోసం వచ్చింది. నేను దాన్ని చూడలేదు.

ఆషాఢంలో జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. బావ వచ్చి పాడె మోశాడు. పన్నెండో రోజు దాకా మా పెరట్లో వంటలూ చుట్టాలూ అన్నీ తనే చూసుకుని వెళ్ళిపోయాడు. ఒకరితో ఒకరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

నేను ప్రయత్నించలేదని అనను. పాలు పోసే ఆమె నా గొంతు గురించి అడిగిన తర్వాత, చోడవరం బజారులో కాఫీ హోటలుకి వెళ్ళి బల్ల చివర కూర్చున్నాను. నేను కూర్చోగానే ఎదుటివాళ్ళు గొంతు తగ్గించారు. సాయంత్రం పంచాయతీ రేడియో దగ్గరికి వెళితే, అందరూ నేల మీద కూర్చుని ఉండగా నాకు మాత్రం కుర్చీ తెచ్చి వేశారు. కుర్చీ పక్కన ఎవరూ కూర్చోరు. వార్తలు అయిపోయాక లేచి వచ్చేశాను. వెళ్ళిన ప్రతి చోటా నేను చేసింది ఒక్కటే, ఎవరైనా వచ్చి నన్ను పలకరిస్తారని కూర్చోవడం. మా అరుగు మీద చేసేదే బజారులో కూడా చేశాను.

ఇంకో వారానికి పాలు పోసే ఆమే ఒక కబురు చెప్పింది.

"మీ బావగారి గానుగ కాడ పొయ్యి సూసీవోడు మంచం పట్టేడు బాబూ. పాపం ఆయనే పెనం కాడికీ గోతిలోకీ గెంతుతన్నారు. నిన్న పడిపోబోయేరు కూడాను."

"కూలికెవడూ దొరకలేదేటి?"

"కూలోడు పిప్పి తోస్తాడు గానీ కేక ఇని లాగొద్దూ. ఆ పని తెలిసినోలు ఇప్పుడెంతమందున్నారు?" అని నా వైపు చూసింది. "మీకు తెల్సు గదా."

"ఇప్పుడు నాకెందుకులే."

"అవున్లెండి," అంది చెంబు సర్దుకుంటూ. "మీరీ అరుగు కాసుకోవాల గదా. ఎవులైనా ఎత్తుకుపోతారు."

ఆ మధ్యాహ్నం నడిచి వెళ్ళాను. బావ పొలం గట్టు దాకా చేరేసరికి పాక మీద పొగ కనిపించింది, నవ్వులు వినిపించాయి. చేతులు చూసుకున్నాను, ఖాళీ. ఒట్టి చేతులతో ఎలా వెళ్ళడం అనుకుని వెనక్కి తిరిగాను. అది ఒట్టి సాకు. దారి పొడుగునా పుల్లలే ఉన్నాయి.

మర్నాడు మా గట్టు మీద రాలిన తాటిమట్టలు ఏరి, మోపు కట్టి భుజాన వేసుకున్నాను. ఎప్పుడూ ఎవరిచేతో మోయించినవాణ్ణే గానీ మోసినవాణ్ణి కాదు. దారిలో ఒక రైతు ఎదురై, "మీరు మోస్తన్నారేటి బాబూ, ఇలాగివ్వండి," అని చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. అది ఇచ్చేస్తే అక్కడికి వెళ్ళే ముఖం నాకు ఉండదు.

పాకలో ఏడెనిమిది మంది ఉన్నారు. నన్ను చూసి మాటలు ఆగిపోయాయి. మోపు పొయ్యి పక్కన పడేశాను. బావ పెనం దగ్గర తెడ్డుతో కలుపుతూ కిందికి చూశాడు.

"మట్టలు పచ్చిగున్నాయి," అన్నాడు.

"ఎండినవే తెచ్చేను."

"పొగొస్తాది."

"రానీ."

పొయ్యి పక్కన ముసుగు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలాయన, మా గానుగ దగ్గరికి కూడా రోజూ వచ్చినవాడే, "నాలుగో ఏటికి ఒక మోపు. పరవాలేదు," అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు.

"గోతిలోకి దిగుతాను బావా," అన్నాను. "నువ్వు పెనం సూసుకో."

బావ తెడ్డు తిప్పుతూనే ఉన్నాడు. "దిగడం అందరూ దిగుతారు. ఉండడం కావాలి," అన్నాడు.

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా దిగాను. మోకాళ్ళు పట్టేశాయి. పిప్పి తోస్తూ కూర్చున్నాను. కాసేపటికి పైన మాటలు మళ్ళీ మొదలయ్యాయి. మాడుగుల దారిలో బస్సు దిగబడిపోయిందట, దాన్ని తోయడానికి దిగిన పెళ్ళికొడుకు పంచె బురదైపోయిందట. ఒకాయన గేదె మూడు రోజులుగా పాలివ్వడం లేదట. "నువ్వు దాని మొహం ఎదర కూకుంటన్నావేమో, బెదిరిపోతంది," అని ఎవరో అన్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. కానీ నేను ఉన్నానని ఎవరూ గొంతు తగ్గించలేదు. కింద ఆ గోతిలో పొగకి కళ్ళు తుడుచుకుంటూ అవన్నీ విన్నాను. పొగ వల్లే అని అప్పుడు అనుకున్నాను.

"మంట లాగు బావా."

లాగాను. ఒక్క నిప్పు మిగలకుండా లాగాను. పైకి ఎక్కి వచ్చేసరికి పాకం చెక్క తొట్టిలో పోస్తున్నారు. బంగారపు రంగు. ఆకులో ఇంత పాకం వేసి ఎవరో నా చేతికి ఇచ్చారు.

ముసలాయన తన ఆకు నాకుతూ బావ వైపు తిరిగాడు. "ఇయాల రంగు బాగొచ్చింది. కబుర్లు సెప్పి ఆ ఏడు మాడబెట్టేవు సూడు, అలాగవలేదు."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. ఎన్నోసార్లు విన్న మాటకి నవ్వే నవ్వు అది. అప్పుడు నాకు అర్థమైంది. నేను ఆ రోజు వేసిన నింద ఇన్నేళ్ళూ ఈ పాకలో రోజూ తిరుగుతోంది. బావ దాన్ని భరిస్తూ తెడ్డు తిప్పుతున్నాడు.

నేను ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. చేతిలో ఆకు ఉంది, పొయ్యి దగ్గర చోటు దొరికింది. నోరు తెరిస్తే ఆ చోటు ఉంటుందో లేదో. ఆకు కింద పెట్టాను.

"ఆ ఏడు మాడబెట్టింది బావ కాదు, నాను. పొయ్యి నిండా పిప్పి కుక్కేసి ఎద్దుల కాడికి ఎళ్ళిపోయేను. బావ కేకేసినప్పుడు నాను గోతిలో లేను."

బావ తొట్టిలో బెల్లం చదును చేస్తున్నాడు. చెయ్యి ఆపలేదు.

"తెల్సు," అన్నాడు. "మూడు కేకలేసి వంగి సూసేను. నీ తుండుగుడ్డ ఉంది, నువ్వు లేవు."

"మరప్పుడే సెప్పలేదేటి?"

"సెల్లి అక్కడే నిలబడుంది గదా, ముంత పట్టుకుని. దాని ముందర నీ పరువు తీసి నానేటి సేసుకుంటాను?"

అడగకుండా ఉండలేకపోయాను. "అది తరవాత నిన్ను అడిగిందా?"

"అడిగింది. పొరపాటు నాదేనన్నాను."

"నమ్మిందా?"

బావ అప్పుడు తెడ్డు ఆపాడు. "నీ సంగతి నీకంటే దానికే ఎక్కువ తెల్సు గదా బావా," అన్నాడు.

ముసలాయన దగ్గి, "అయితే ఈడ్ని ఇన్నేళ్ళూ ఊరికే ఏడిపించేమా?" అన్నాడు. "సరే, ఇయాల్నించి ఈయన్ని ఏడిపిద్దుం. ఎద్దుల కాడికెళ్ళకుండా కాలు కట్టేసి గోతిలో దింపాల."

క్షమించానని బావ అనలేదు. నేనూ అడగలేదు. బయల్దేరుతుంటే, "రేపు పెందరాళే రా. మొదటి పెనం ఎండెక్కకుండానే ఎక్కించాల," అన్నాడు.

ఆ సీజనంతా వెళ్ళాను. రోజూ మోపు పట్టుకునే వెళ్ళాను. పొయ్యి చూసేవాడు కోలుకుని వచ్చాక కూడా ఇద్దరం వంతులు వేసుకున్నాం. ఒంటరితనం పోయిందని నేను చెప్పను. సాయంత్రం వచ్చి తలుపు తీసినప్పుడు ఆ ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉండేది. అయితే ఆ రోజు విన్నవి తలుచుకోవడానికి ఉండేవి, మర్నాడు పట్టుకెళ్ళడానికి మట్టలు ఏరవలసి ఉండేది. నా కోసం ఎవరైనా వస్తారా అని చూడడం మానేసి, నేను ఏం పట్టుకెళ్ళాలా అని చూడడం నేర్చుకున్నాను. అరవై రెండేళ్ళకి నేర్చుకున్నాను. నా భార్యకి ఇది ఎప్పుడూ తెలుసు.

మాఘమాసంలో ఒకరోజు వంటింటి అటక మీద ఆమె ముంత కనిపించింది. తోమి, పట్టుకెళ్ళాను. మొదటి పెనం దించాక బావని పాకం అడిగాను. ముంత చూసి, అంచు దాకా పోశాడు.

కాళ్ళు పడిపోయిన ముసలాయన ఇంటికి ముందు వెళ్ళాను. ఆయన పోయి ఏడాది దాటిందని కోడలు చెప్పింది. మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక మనిషి పోతే నాకు తెలియలేదు. అక్కణ్ణించి కళ్ళు కనిపించని ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. చూరు కింద ఎండలో కూర్చుని ఉంది. ముంత ఆమె చేతుల్లో పెట్టాను. వేళ్ళతో తడిమి, అంచు మీద సొట్ట దగ్గర ఆగింది.

"ఇది నానెరుగుదును. ఆ అమ్మి తెచ్చీది," అంది. "నువ్వు ఆల ఇంటాయనవా?"

"అవును."

"మరిన్నాళ్ళూ నా పాకం ఏటయింది బాబూ?"

"నానే ఆపేసేను," అన్నాను.

ఆమె తలూపింది, ఆ జవాబు తనకి ముందే తెలిసినట్టు.

"సల్లారిపోతాది, తినమ్మా. ఎళ్ళొస్తాను."

"సల్లారితే సల్లారనీ. నువ్వు కూకో ముందు," అంది, పక్కన మట్టి చేత్తో తుడుస్తూ.

కూర్చున్నాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నా భార్య గురించి నాకు తెలియనివి చాలా చెప్పింది. నేను గానుగ దగ్గరికి తిరిగి వచ్చేసరికి రెండో పెనం ఎక్కించేశారు. బావ పైనుంచి చూసి, "పాకం ఇచ్చి రాడానికి అంతసేపేటి బావా?" అన్నాడు.

నేను గోతిలోకి దిగి, తుండుగుడ్డ నడుముకి కట్టుకున్నాను.